అస్ఫాన్‌ను ఏ లెక్కల రాసుకుందాం?

కాజీపేట జంక్షన్ల రాత్రిపూట కూసుంటే మన బతుకుదెరువు మొత్తం కండ్లముంగటనే నడుస్తది. ఒక బండి బల్లార్షా మీదికెల్లి ఢిల్లీకి పోతది, ఒకటి సికింద్రాబాద్ దిక్కు, ఒకటి బెజవాడ దిక్కు. ఎనుకట మన పెద్దోళ్ళు బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని మూడు తొవ్వలు జెప్పెటోళ్ళు. గిప్పుడు నాలుగో తొవ్వ ఒకటి పడ్డది. గది ఫోన్ల కెల్లి పోతది.

మొన్న స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే డిగ్రీ అయిపోయిన ఒక తమ్ముడు తన ఫోన్ నా చేతుల వెట్టిండు. "అన్నా, జర గిది సూడు. నిజమేనంటవా?" అన్నడు. వీడియోల ఒకడు మంచుల నిలవడి మాట్లాడుతున్నడు. ఫారిన్ల కొలువంట, తిండి వాళ్ళదే, రూమ్ వాళ్ళదే, నెలకు లక్షకు పైననేనంట. "పనేంది తమ్మీ?" అని అడిగిన. "హెల్పర్ అంట అన్నా" అన్నడు.

ఆ మాట ఇనంగనే నాకు అస్ఫాన్ యాదికొచ్చిండు.

మహ్మద్ అస్ఫాన్‌ది హైదరాబాద్. ముప్పై ఏండ్ల మనిషి. బట్టల షోరూంల పనిజేసుకుంట ఇల్లు నడిపెటోడు. పెండ్లాం, ఇద్దరు చిన్న పిల్లలు. 2023 నవంబర్‌ల మంచి జీతమని నమ్మి రష్యాకు పోయిండు. 2024 మార్చి 6 నాడు మాస్కోల ఉన్న మన ఎంబసీ రెండు మూడు ముక్కల్ల ముచ్చట జెప్పింది. ఆయన సచ్చిపోయిండని, ఇంటోళ్ళతోని, రష్యా అధికారులతోని మాట్లాడుతున్నమని, శవాన్ని పంపే ప్రయత్నం జేస్తమని. మనిషి పోయింది కొలువుకు, సచ్చింది ఉక్రెయిన్ యుద్ధంల. ఆ నడుమ ఏం జరిగిందో సక్కగ తెలుసుకోకుంట ఆయన్ను యాదికి దెచ్చుకుంటే లాభం లేదు.

అప్పట్ల ఈ వార్త మీద నేను ఎక్కువ ఇన్న మాట ఒకటున్నది. "ఆశకు పోయిండు. ఇక్కడ ఏదో ఒకటి చేసుకోరాదా? యుద్ధం నడిచే దేశానికి ఎవడన్న పోతడా?" మనూళ్ళ దుబాయిల శవం వస్తే ఇట్ల ఎవ్వలన్నా అంటరా? అనరు. నలుగురు కూడి ఏడుస్తరు, తలా ఇన్ని పైసలేసి ఆ ఇంటికి ఆసరైతరు. అస్ఫాన్ కాడికి వచ్చెటాలకు మన నోరు ఎందుకు మారింది? ఆయన ఒంటి మీద ఇంకో దేశం ఫౌజు బట్టలున్నయి గనుక. అమరుడు అందామంటే మన జెండా కాదు. కూలి అందామంటే చేతుల తుపాకి ఉన్నది. ఏ లెక్కల రాయాల్నో తెల్వక "ఆశపోతు" అనే లెక్కల రాసి చేతులు దులుపుకున్నం.

నేను జెప్పదల్సుకున్నది ఒక్కటే. అస్ఫాన్ కార్మికుడు. బతుకుదెరువుకు వలసపోయిన కార్మికుడు మోసంతోని సచ్చిపోయిండు. ఆయన సావును ఆ లెక్కలనే రాయాలె. గట్ల రాస్తేనే బాకీ ఎవలదో తేలుతది.

హెల్పర్ అనే మాట

సీబీఐ 2024 మార్చి 6 నాడు ఈ ముచ్చట మీద కేసు వెట్టింది. తెల్లారి ఢిల్లీ, ముంబై, తిరువనంతపురం, చెన్నై, మదురై, అంబాలా, చండీగఢ్‌లల్ల సోదాలు జేసింది. వీసా కన్సల్టెన్సీలు, ఏజెంట్ల మీద మనుషుల అక్రమ రవాణా కేసు అది. దందా ఎట్ల నడిచిందో సీబీఐ జెప్పిన మాటల్లనే సూడుండ్రి. యూట్యూబ్ అసొంటి సోషల్ మీడియాతోని, ఊరి ఏజెంట్లతోని మంచి జీతమని ఆశ వెట్టుడు. రష్యాకు తోలుడు. అక్కడ దిగినంక పాస్‌పోర్ట్ గుంజుకునుడు. యుద్ధం ట్రైనింగ్ ఇచ్చి, ఇష్టం లేకున్నా ముందు వరుసకు పంపుడు. ఇంకో తొవ్వ సుత ఉన్నది. సదువుకునేటోళ్ళకు తక్కువ ఫీజని, వీసా పెంచుతమని జెప్పి పేరు లేని ప్రైవేట్ యూనివర్సిటీలల్ల సీట్లు ఇప్పిచ్చుడు, అటెన్క వాళ్ళను అక్కడి ఏజెంట్ల చేతుల ఇడ్సుడు.

హెల్పర్ అంటే మనకు ఏమనిపిస్తది? మేస్త్రీ పక్కన ఇటుకలు అందిచ్చేటోడు. లారీల డ్రైవర్ పక్కన కూసునేటోడు. కరెంటాయన నిచ్చెన పట్టుకునేటోడు. మన ఊర్లల్ల హెల్పర్ కాని పిల్లగాడు ఎవడన్నా ఉన్నడా? ఆ మాటల భయం లేదు. గందుకే ఆ మాటనే ఎంచుకున్నరు. వంటకాడ, సామాన్ల గోదాంకాడ పని అన్నరు. వాపస్ వచ్చినోళ్ళు పత్రికలోళ్ళకు జెప్పింది వేరే. కందకాలు తవ్విపిచ్చిన్రు, తుపాకులు పట్టిచ్చిన్రు, పైన డ్రోన్లు తిరుగుతుంటే పనిజేపిచ్చిన్రు. గుజరాత్‌ల సూరత్‌కెల్లి పోయిన హేమిల్ మంగూకియా అనే 23 ఏండ్ల పిల్లగాడు 2024 ఫిబ్రవరి 21 నాడు గట్లనే డ్రోన్ దాడిల సచ్చిపోయిండు. ఆయన సుత హెల్పర్ కొలువుకనే పోయిండు.

సంతకం వెట్టిన కాయిదం రష్యన్ల ఉంటది. మన పిల్లగాండ్లకు ఆ అక్షరం కొత్త. పైకెల్లి ఇంకో మెలిక. 2022 సెప్టెంబర్‌ల పుతిన్ దేశంల సైనిక సమీకరణ అని ఆర్డర్ దీసిండు. దాంతోని ఫౌజు కాంట్రాక్టు ఏడాదికని రాసినా, గడువు దాటినంక సుత ఇడ్సిపెట్టే పని లేకుంట అయ్యింది. 2024 జనవరిల ఇంకో ఆర్డర్. ఏడాది కాంట్రాక్టు మీద ఫౌజుల చేరిన పరదేశోళ్ళకు జల్ది పౌరసత్వం ఇస్తమని. అంటే పరదేశపు కూలోళ్ళను ఫౌజుకు మలుపుకునుడు ఎవడో చిల్లర ఏజెంటు కనిపెట్టిన ఉపాయం కాదు, ఒక రాజ్యం తెర్సిన దర్వాజ. ఏజెంటు ఆ దర్వాజ కాడ నిలవడి తలకింత అని కమీషన్ తిన్నడు.

పరాయి ఫౌజు మనకు కొత్తగాదు

ఒకరి ఫౌజుల ఇంకొకరు సచ్చుడు మన గడ్డకు తెల్వని ముచ్చట కాదు. హైదరాబాద్‌ల బార్కస్ అనే బస్తీ ఉన్నది. బ్యారక్స్ అనే ఇంగ్లీష్ మాట మన నోట్ల నలిగి బార్కస్ అయ్యింది. యెమెన్ దిక్కు హద్రమౌత్‌కెల్లి వచ్చిన అరబ్బులు నిజాం ఫౌజుల పనిజేసుకుంట అక్కడున్నరు. అప్పుడు బతుకుదెరువుకు వాళ్ళు మన దిక్కు వచ్చిన్రు. గిప్పుడు అదే పట్నంకెల్లి మనోడు ఇంకో ఫౌజు దిక్కు పోయిండు.

ఢిల్లీల తీన్ మూర్తి అని చౌరస్త ఉన్నది. ఆ మూడు బొమ్మలు జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ సంస్థానాల గుర్రపు దళాలయి. మొదటి ప్రపంచ యుద్ధంల పాలస్తీనా దిక్కు తెల్లదొరల తరఫున కొట్లాడిన దళాలు. వాళ్ళ యుద్ధం మన యుద్ధం కాదు. అయినా రాయి మీద యాది మిగిలింది. 2018ల ఆ చౌరస్తకు తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు సుత వెట్టిన్రు. నూరేండ్ల కింద పరాయోళ్ళ కోసం సచ్చిన హైదరాబాద్ సిపాయికి రాజధానిల బొమ్మ ఉన్నది. మొన్న సచ్చిన హైదరాబాద్ కూలోని పేరు యాడ రాసి ఉన్నదో ఎవలన్నా సూపెట్టుండ్రి.

ఇజ్రాయిల్ సంగతి సుత సూడుండ్రి. 2024ల ఆ దేశంల కట్టడం పనులకు మన హైదరాబాద్‌ల సెలెక్షన్లు జరిగినయి గనుక మనకు అది దూరపు ముచ్చట కాదు. అక్కడ ఫౌజు సర్వీసు అయిపోయినంక సుత ఏండ్ల తరబడి రిజర్వు లిస్టుల పేరుంటది. దుకాణం నడిపెటోడు, కంపెనీ వెట్టుకున్నోడు, వేరే దేశంకెల్లి వచ్చి అక్కడి పౌరుడైనోడు, పిలుపొస్తే షట్టర్ గుంజి పోవాలె. 2023 అక్టోబర్ 7 తర్వాత మూడు లక్షల మంది గట్ల పోయిన్రు. అండ్ల వలసొచ్చి యాపారం జేసుకునే మనిషి సచ్చిపోతే ఆ దేశం పేరు రాసుకుంటది, ఏటా యాదిచేసుకునే దినం వెట్టుకుంటది, ఇంటోళ్ళకు పైకం ఇస్తది. ఆ యుద్ధం గురించి, గాజాల సచ్చిన పసిపిల్లల గురించి నాకు వేరే మాటున్నది, దాన్ని దాస్తలేను. ఇక్కడ నేను సూపెట్టేది ఒకటే. ఆ యాపారికి తను రిజర్వు సిపాయినని ముందుగాలనే ఎరుక. ఆయన ఆ దేశం ఓటరు. అస్ఫాన్ రష్యా పౌరుడు కాదు, సిపాయి కొలువుకని ఇల్లు ఇడ్సి పోలేదు. ఫౌజు మోసే బరువంతా మోసిండు, ఫౌజోనికి దక్కే మర్యాద మాత్రం యాడ దక్కలె.

తారీఖులు పక్కపక్కన వెట్టి సూడుండ్రి

2024 జనవరి మొదట్లనే నేపాల్ సర్కారు రష్యాకు, ఉక్రెయిన్‌కు పనికి పోయే పర్మిట్లు ఆపేసింది. అప్పటికే వాళ్ళ పిల్లగాండ్లు పదిమంది దాకా రష్యా ఫౌజుల సచ్చిపోయిన్రు. అదే జనవరిల హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ మనోళ్ళు ఇరుక్కున్నరని విదేశాంగ మంత్రికి ఉత్తరం రాసిండు. ఫిబ్రవరి 21 నాడు హేమిల్ సచ్చిపోయిండు. ఫిబ్రవరి 23 నాడు మన విదేశాంగ శాఖ "ఆ యుద్ధానికి దూరం ఉండుండ్రి" అని జనానికి జెప్పింది. మార్చి 6 నాడు అస్ఫాన్ వార్త. జులై 8, 9 తారీఖుల్ల ప్రధాని మోదీ మాస్కో పోయినప్పుడు పుతిన్ తోని ఈ ముచ్చట దీసిండు. ఆగస్టుల ఢిల్లీల ఉన్న రష్యా ఎంబసీ సంతాపం జెప్పి, ఏప్రిల్‌కెల్లే భారతీయులను తీసుకునుడు ఆపేసినమని, కాంట్రాక్టు ప్రకారం రావాల్సిన పైకం ఇస్తమని ప్రకటన ఇచ్చింది. సెప్టెంబర్‌ల మన నారాయణపేట పిల్లగాడు ఒకడు, కలబురగి పిల్లగాండ్లతోని కలిసి పాణంతోని ఇల్లు చేరిండు. ఆ దినం నాకు సుత పండుగ లెక్కనే అనిపిచ్చింది.

2025 జనవరిల విదేశాంగ శాఖ జెప్పిన లెక్క ఇది. రష్యా ఫౌజుల చేరినట్టు తెలిసినోళ్ళు 126 మంది. వాపస్ వచ్చినోళ్ళు 96. సచ్చిపోయినోళ్ళు 12. ఇంక 18 మంది అక్కడ్నే, అండ్ల 16 మంది జాడ లేదు. ఆ తర్వాత ఈ లెక్క ఇంకా పెరిగింది. ఆపేసినమన్న దందా ఆగలేదన్నట్టే.

నేపాల్ ఎట్ల ఆపగలిగింది? ఆ దేశంల బయటికి పనికి పోయెటోనికి లేబర్ పర్మిట్ ఉండాలె. మన కాడ కత వేరే. 1983 వలసల చట్టం కింద, పదో తరగతి పాస్ కానోళ్ళు గల్ఫ్ అసొంటి కొన్ని దేశాలకు కొలువుకు పోతే సర్కారు క్లియరెన్స్ కావాలె. ఆ దేశాల లిస్టుల రష్యా లేదు. పది పాసైతే ఏ దేశానికైనా ఆ క్లియరెన్సే అక్కర లేదు. ఆ కాలంల అది సదువుకున్నోనికి ఇచ్చిన స్వేచ్ఛ కావొచ్చు. గిప్పుడు మన ఊర్లల్ల పది పాస్ కాని పిల్లగాడు ఎంతమంది? ఇంటరు, డిగ్రీ, ఐటీఐ సదివి సుత కూలికి పోతున్నరు. సర్కారు కండ్లకు వాళ్ళు వలస కూలీలు కారు. విజిట్ వీసా మీద పోయిన్రంటే ఏ రిజిస్టర్ల ఉండరు. పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా సుత ఆ క్లియరెన్స్ ఉన్నోళ్ళకే. మన రాష్ట్ర సర్కారు ఇచ్చే 5 లక్షల సాయం గల్ఫ్ దేశాల్ల సచ్చిపోయినోళ్ళ కుటుంబాలకు. అది కొట్లాడి తెచ్చుకున్నది, మంచిదే. కని మన పిల్లగాండ్ల తొవ్వ గల్ఫ్ దాటిపోయింది. సాయం ఇంక గల్ఫ్ కాడనే ఉన్నది.

ఇంకో పాత చట్టం సుత ఉన్నది. 1874ల తెల్లోడు చేసింది. పరదేశపు కొలువుకు, ఫౌజుకు ఈ గడ్డ మీద మనుషులను భర్తీ జేసుడును ఆపే అధికారం సర్కారుకు ఇచ్చే చట్టం. నూటయాభై ఏండ్ల కిందనే ఈ ఎర్క ఉన్న రాజ్యంల, ఫోన్ల బహిరంగంగ భర్తీ నడిచింది.

బట్టలు అడిగినోనికి తూటా

"ఫౌజు అంటే తెలిసి సుత పోయినోళ్ళు ఉన్నరు కదా" అని కొందరంటరు. ఉండొచ్చు. వాళ్ళ ముచ్చట మాట్లాడాలంటే మన వరంగల్ జిల్లాకే రావాలె.

ఖానాపూర్ మండలం దబీర్‌పేట పిల్లగాడు దామెర రాకేశ్ యాదికున్నడా? ఆయనకు ఫౌజుల చేరుడే కల. రెండేండ్లు కరోనా అని భర్తీలు ఆగినయి. దేహదారుఢ్యం, మెడికల్ పాసయ్యి రాత పరీక్షకు ఎదురుసూసే పిల్లగాండ్లు మస్తుమంది. 2022 జూన్ 14 నాడు అగ్నిపథ్ అన్నరు, నాలుగేండ్ల కొలువన్నరు. జూన్ 17 నాడు సికింద్రాబాద్ స్టేషన్ల రైళ్ళు కాలినయి, పోలీసులు కాల్చిన్రు, రాకేశ్ సచ్చిపోయిండు. రైలు తగలవెట్టుడు మంచిదని నేను అంటలేను. కని ఫౌజు బట్టలు కావాల్నన్న పిల్లగానికి మన స్టేషన్ల తూటా తాకింది. ఫౌజు బట్టలు వద్దనుకున్న అస్ఫాన్‌కు పరాయి దేశంల అవి తొడిగిపిచ్చిన్రు. ఇద్దరి ఎనుక ఉన్నది ఒకటే, కొలువు లేదు.

కాజీపేటోళ్ళకు ఇది వేరే ఎవలన్నా జెప్పాల్నా? కోచ్ ఫ్యాక్టరీ అని మా చిన్నప్పటికెల్లి ఇంటున్నం. 2014 విభజన చట్టంల సుత తెలంగాణల కోచ్ ఫ్యాక్టరీ వీలవుతదో లేదో ఆరు నెలలల్ల సూస్తమని రాసిన్రు. 2023 జులై 8 నాడు రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధాని పునాదిరాయి ఏసిండు. ఆరు నెలల మాట మీద తొమ్మిదేండ్లు గడిచినయి. ఆ తొమ్మిదేండ్లల్ల ఐటీఐ సదివిన పిల్లగాండ్లు ఏమైన్రు? కొందరు ఆటో పట్టిన్రు, కొందరు డెలివరీ బ్యాగు ఎత్తుకున్నరు, కొందరు పాస్‌పోర్ట్ దీసుకున్నరు. వాళ్ళకు ఆశ ఎక్కువైందని అందామా, ఊరికాడ తొవ్వ లేకుంట చేసిన్రని అందామా?

యాది అంటే ఏంది

గిప్పుడు అస్ఫాన్‌ను యాదికి దెచ్చుకునుడు అంటే దండ ఏసుడు కాదు. నాలుగు ముచ్చట్లు అడుగుడు.

ఒకటి, తెలంగాణకెల్లి రష్యా, ఉక్రెయిన్ యుద్ధంల ఇరుక్కున్నోళ్ళు, సచ్చినోళ్ళు, జాడ లేనోళ్ళు ఎంతమందో రాష్ట్ర సర్కారు ఒక లిస్టు బయట వెట్టాలె. రెండు, రష్యా ఇస్తమన్న పైకం ఏ ఇంటికి ఎంత చేరిందో కేంద్రం జెప్పాలె. మూడు, సీబీఐ కేసు ఏడిదాకా వచ్చింది, ఎవలకు శిక్ష పడ్డది అనేది పార్లమెంట్‌ల మన ఎంపీలు అడగాలె. నాలుగు, గల్ఫ్ సాయాన్ని ఏ దేశంల పనికి పోయి సచ్చినా ఇచ్చేటట్టు మార్చాలె. మోసంతోని ఫౌజుల చేరిపిచ్చినా అది పనికాడ జరిగిన సావే అని జీవోల రాయాలె.

ఇగ తమ్ముళ్ళూ, చెల్లెండ్లూ, మన చేతుల ఉన్న పని సుత జెప్త. బయటి దేశానికి భర్తీ చేసేటోనికి కేంద్రం ఇచ్చిన లైసెన్స్ నంబర్ ఉండాలె. ఈ-మైగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైట్‌ల ఆ నంబర్ కొట్టి సూసుకోవచ్చు. లైసెన్స్ ఉన్నోడు సుత 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దు. లక్షలు అడిగిండంటే అక్కడ్నే ఆగుండ్రి. కొలువు అని జెప్పి విజిట్ వీసా ఇస్తే ఆగుండ్రి. కాంట్రాక్టు మీకు తెలిసిన భాషల ముందుగాల చేతికి ఇయ్యకపోతే ఆగుండ్రి. రాష్ట్ర సర్కారుకు టామ్‌కామ్ అని సంస్థ ఉన్నది, అక్కడ అడుగుండ్రి. ఇంట్ల ఒక్కరికన్నా కాయిదాల ఫోటో, ఏజెంటు పేరు, నంబర్ ఇచ్చి పోండ్రి.

ఆ చాయ్ దుకాణం కాడ మేము సుత గదే జేసినం. వీడియోల ఉన్న కంపెనీ పేరు కొట్టి సూసినం. లైసెన్స్ లేదు. ఫోన్ జేస్తే ఆడు మొదలు అడిగింది పాస్‌పోర్ట్ ఫోటో, రెండోది అడ్వాన్స్. "పని ఏ ఊర్లె?" అంటే పెట్టేసిండు. తమ్ముడు ఆ వీడియోను తీసేసిండు. చాయ్ పైసలు నేను ఇయ్యవోతే ఆపి తనే ఇచ్చిండు.

పోయే ముంగట ఒక మాట అడిగిండు. "సరే అన్నా, గది దొంగదే. మరి మంచిది యాడున్నదో జెప్పు." నా తాన జవాబు లేకుండె. ఢిల్లీ దిక్కు పోయే బండి వచ్చి ఆగింది. జనరల్ డబ్బ కాడ ఆ తమ్ముని ఈడు పిల్లగాండ్లే బ్యాగులు నెత్తిన వెట్టుకొని నూకుకుంట ఎక్కుతున్నరు. వాళ్ళల్ల ఎవలన్నా రేపు యాడన్నా సచ్చిపోతే ఏ లెక్కల రాయాల్నో మనం ఇయ్యాల్నే తేల్చుకోవాలె. అస్ఫాన్‌ను కార్మికుడని రాస్తే వాళ్ళకు సుత ఒక లెక్క ఉంటది. ఆశపోతని ఇడ్సిపెడ్తే వాళ్ళకు సుత గంతే.